పెద్ద మోటారు రోటార్‌లో ఎవరో చేసిన మార్పును కనిపెట్టడం ఎలా?

దామరచర్ల నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా కృష్ణా తీరం వెంట ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో బాల్ మిల్లులను, క్రషర్లను, పెద్ద ఫ్యాన్లను తిప్పే హెచ్.టి. (హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజీ) మోటార్లలో ఇరవై, ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. అన్నేళ్లలో ఒక మోటారు రెండు మూడుసార్లు రివైండింగుకు (తీగ చుట్లు మళ్లీ చుట్టించడానికి) పోయి ఉంటుంది, ఒక యజమాని చేతి నుంచి మరొకరి చేతికి మారి ఉంటుంది, షాఫ్టు అరిగితే లేత్ ఎక్కి ఉంటుంది. ఇంత జరిగినా దాని ఒంటిమీద నేమ్‌ప్లేట్ మాత్రం తయారైన రోజుదే ఉంటుంది. కాబట్టి ప్లేట్‌లో రాసిన రోటార్, లోపల తిరుగుతున్న రోటార్ ఒకటేనని నమ్మి రోగనిర్ణయం మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది. ఈ మార్గదర్శి ఇండక్షన్ మోటార్లకు, అంటే స్లిప్ రింగ్ (రోటార్ వైండింగును రింగులు, బ్రష్షుల ద్వారా బయటికి తెచ్చినవి), స్క్విరల్ కేజ్ (రోటార్‌లో వైండింగుకు బదులు లోహపు బార్లు, వాటి చివర్లను కలిపే ఎండ్ రింగులు ఉన్నవి) రకాలకు ఉద్దేశించినది. పుట్టంగండి, కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌసుల్లోని మహా యంత్రాల జోలికి ఇక్కడ పోవడం లేదు.

మార్పు వేరు, లోపం వేరు. విరిగిన బార్ లోపం. ఇత్తడి బార్ స్థానంలో ఎవరో వేసిన రాగి బార్ మార్పు. మీటర్ల మీద రెండూ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి, కానీ చికిత్స ఒకటి కాదు. అందుకే ఖర్చు లేని పరీక్ష ముందు, మోటారు విప్పే పరీక్ష చివర అన్న వరుసను పాటించాలి.

మొదటి అడుగు: నేమ్‌ప్లేట్‌ను లెక్కతో పరీక్షించడం

స్లిప్ రింగ్ మోటారు ప్లేట్ మీద రోటార్ వోల్టేజీ, రోటార్ కరెంటు రెండూ ఉంటాయి. ఆ రెంటినీ 1.732తో గుణిస్తే వచ్చే విలువ మోటారు కిలోవాట్ల సామర్థ్యానికి దగ్గరగా, మామూలుగా కొద్దిగా ఎక్కువగా ఉండాలి. ఉదాహరణకు 750 కిలోవాట్ల మోటారుకు 1,200 వోల్టులు, 390 ఆంపియర్లు అని ఉంటే గుణకారం సుమారు 810కి వస్తుంది, అది సబబే. అదే 480 అనో 1,300 అనో వస్తే ఆ ప్లేట్ వేరే మోటారుదో, మధ్యలో ఎవరో మార్చి కొట్టినదో అయి ఉండాలి. ఈ లెక్కకు ఒక్క నిమిషం చాలు, అయినా దీన్ని చేసేవారు తక్కువ.

తర్వాత మోటారు పూర్వచరిత్ర అడగండి. రివైండింగ్ బిల్లు, గేటు పాసు, పాత స్టార్టరు డ్రాయింగు, చివరిసారి బేరింగు మార్చిన తేదీ, ఏది దొరికినా పనికివస్తుంది. స్టోర్స్‌లో కాగితం దొరకనప్పుడు అక్కడే పాతికేళ్లు పనిచేసిన ఫోర్‌మన్‌ను అడిగితే, ఏ సంవత్సరం ఏ మోటారు లారీ ఎక్కిందో ఆయన నోటిమీదే ఉంటుంది.

రెండో అడుగు: తిరుగుతుండగా స్లిప్ కొలవడం

స్టేటర్ (కదలకుండా ఉండే బయటి భాగం) పుట్టించే అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం సింక్రనస్ వేగం. దానికన్నా రోటార్ ఎంత వెనకబడి తిరుగుతుందో అది స్లిప్. రోటార్ నిరోధం పెరిగితే స్లిప్ పెరుగుతుంది. ఇంతకన్నా నమ్మకమైన, ఇంతకన్నా చవకైన సూచన మరొకటి లేదు. 6 పోళ్ల మోటారుకు 50 హెర్ట్జ్ దగ్గర సింక్రనస్ వేగం నిమిషానికి 1,000 చుట్లు. ప్లేట్ మీద 992 ఉంటే పూర్తి లోడులో స్లిప్ 8 చుట్లు, అంటే 0.8 శాతం. స్లిప్ దాదాపుగా లోడును అనుసరించి మారుతుంది కనుక ముప్పాతిక లోడులో అది 6 చుట్ల దగ్గర ఉండాలి. అక్కడ 12 చుట్లు కనిపిస్తే రోటార్ దారిలో నిరోధం రెట్టింపయిందని అర్థం. రోటార్‌లో వేడిగా పోయే శక్తి స్లిప్‌కు అనుపాతంలో ఉంటుంది. 750 కిలోవాట్ల మోటారు పూర్తి లోడులో 0.8 శాతం స్లిప్‌తో తిరిగితే సుమారు 6 కిలోవాట్లు రోటార్ రాగిలో కాలిపోతాయి, 1.6 శాతమైతే 12 కిలోవాట్లు.

ఈ కొలతలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, సరఫరా ఫ్రీక్వెన్సీని 50 అని అనుకోవడం. మన గ్రిడ్‌కు నిర్దేశించిన పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. 49.90 దగ్గర సింక్రనస్ వేగం 998 చుట్లే అవుతుంది. ఎనిమిది చుట్ల స్లిప్ కొలిచే చోట రెండు చుట్ల తప్పు చిన్నది కాదు, కాబట్టి స్ట్రోబోస్కోప్‌తో వేగం చూసిన క్షణంలోనే ఫ్రీక్వెన్సీ కూడా రాసుకోవాలి. రెండోది, వేడిని లెక్కలోకి తీసుకోకపోవడం. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. డిసెంబరు ఉదయం స్టార్టయిన పావుగంటకు తీసిన కొలతను, నల్లగొండ ఎండ 44 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నం తీసిన కొలత పక్కన పెట్టి చూస్తే, ఏ మార్పూ జరగని రోటార్‌లోనే పాతిక శాతం తేడా కనిపించవచ్చు. మోటారు కనీసం మూడు నాలుగు గంటలు తిరిగి వేడి నిలకడకు వచ్చాకే కొలవండి.

స్లిప్ రింగ్ మోటారులో స్లిప్ ఎక్కువగా కనిపిస్తే రోటార్‌ను అనుమానించే ముందు బయటి దారిని చూడాలి. లిక్విడ్ స్టార్టరు (స్టార్టింగులో రోటార్ దారిలో నిరోధంగా పనిచేసే సోడా నీళ్ల ట్యాంకు) షార్టింగ్ కాంటాక్టర్ సరిగా మూతపడకపోయినా, రోటార్ కేబుల్ లగ్గు వదులైనా, బ్రష్షులు ఇరుక్కుపోయినా స్లిప్ ఇలాగే పెరుగుతుంది. ఇందుకు భిన్నంగా, లోడు మీద కూడా మోటారు సరిగ్గా సింక్రనస్ వేగంతోనే తిరుగుతుంటే రింగుల ద్వారా రోటార్‌కు డి.సి. ఇస్తున్నారేమో చూడండి. పాత మిల్లు మోటార్లలో పవర్ ఫ్యాక్టర్ కోసం ఈ ఏర్పాటు చేసేవారు.

మూడో అడుగు: కరెంటు స్పెక్ట్రమ్‌ను, వైబ్రేషన్‌ను చదవడం

పొరపాటు నిర్ణయాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా నడుద్దాం. స్పెక్ట్రమ్ అంటే కరెంటులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసి చూపే గీత. రోటార్‌లో విద్యుత్ సమతుల్యం తప్పితే స్టేటర్ కరెంటులో 50 హెర్ట్జ్‌కు రెండు పక్కలా, స్లిప్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దూరంలో చిన్న శిఖరాలు లేస్తాయి. 0.8 శాతం స్లిప్ ఉంటే అవి 49.2, 50.8 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మధ్య శిఖరం కన్నా అవి 54 డెసిబెల్‌లకు మించి కిందుంటే నిశ్చింతగా ఉండవచ్చు. తేడా 45 కన్నా తగ్గితే జాగ్రత్త పడాలి, 35 కన్నా తగ్గితే మోటారు ఆపి చూడాలి. ఇవి అందరూ వాడే స్థూలమైన గీతలే తప్ప తీర్పులు కావు. రికార్డింగు కనీసం 60 నుంచి 100 సెకన్లు ఉండాలి. పది సెకన్లకే ముగిస్తే 0.1 హెర్ట్జ్ కన్నా సూక్ష్మంగా విడదీయడం సాధ్యం కాదు, పక్క శిఖరం 50 హెర్ట్జ్ శిఖరం పాదంలో కలిసిపోతుంది.

ఇప్పుడు బాల్ మిల్లు సంగతి చూద్దాం. మిల్లు నిమిషానికి 16 చుట్లు తిరిగితే దాని ఫ్రీక్వెన్సీ 0.27 హెర్ట్జ్, మూడో హార్మోనిక్ (దానికి మూడు రెట్లు) సరిగ్గా 0.8 హెర్ట్జ్. అంటే మిల్లు కుదుపు వల్ల పుట్టిన శిఖరం, విరిగిన బార్ శిఖరం ఉండాల్సిన చోటే వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూసి రోటార్‌ను రివైండింగుకు పంపితే లక్షల రూపాయలు, వారం రోజుల ఉత్పత్తి పోతాయి. ఫీడు తగ్గించి చూద్దామంటే బాల్ మిల్లు లోడులో ఎక్కువ భాగం బంతుల బరువే కాబట్టి పెద్ద తేడా రాదు. ఇక్కడ వేడి మనకు సాయపడుతుంది. మోటారు చల్లగా ఉండగా స్టార్ట్ చేసిన వెంటనే ఒక రికార్డింగు, నాలుగు గంటల తర్వాత మరొకటి తీసుకోండి. రోటార్ వేడెక్కేకొద్దీ స్లిప్ 0.65 నుంచి 0.8 శాతానికి పెరిగిందనుకుంటే, రోటార్ వల్ల వచ్చిన శిఖరం కూడా 0.65 నుంచి 0.8 హెర్ట్జ్ దూరానికి జరుగుతుంది. మిల్లు వల్ల వచ్చినది ఉన్నచోటే ఉంటుంది.

ఇంకో మాయ రోటార్ నిర్మాణంలోనే ఉంటుంది. షాఫ్టుకు, కోర్‌కు మధ్య ఉండే స్పైడర్ కాళ్ల సంఖ్య గానీ, కోర్‌లో నిలువునా పోయే గాలి రంధ్రాల సంఖ్య గానీ పోళ్ల సంఖ్యతో సమానమైతే, ఒక్క బార్ కూడా విరగకుండానే అవే పక్క శిఖరాలు వస్తాయి. ఒకే రకం మోటార్లు రెండు పక్కపక్కన ఉంటే రెంటినీ కొలిచి పోల్చండి. రెండింటిలో ఒకే ఎత్తులో ఉండి ఏడాది తరబడి పెరగకపోతే అది నిర్మాణ స్వభావం. ఒకదానిలోనే ఉంటే రెండో దాని రోటార్ అసలుదా, మార్చినదా అన్న ప్రశ్న మొదలవుతుంది.

రోటార్ మొత్తాన్నే మార్చారా అన్నది తెలుసుకోవడానికి స్క్విరల్ కేజ్ మోటార్లలో చక్కని ఉపాయం ఉంది. బార్ల సంఖ్యను తిరిగే ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చే చోట వైబ్రేషన్‌లో ఒక శిఖరం, దానికి అటూ ఇటూ 100 హెర్ట్జ్ దూరంలో తోడు శిఖరాలు కనిపిస్తాయి. 992 చుట్లంటే సెకనుకు 16.53. డ్రాయింగులో 86 బార్లుంటే ఆ గుంపు 1,422 హెర్ట్జ్ చుట్టూ ఉండాలి. అక్కడ ఏమీ లేకుండా 959 చుట్టూ కనిపిస్తే లోపల 58 బార్ల రోటార్ తిరుగుతున్నట్టు. మోటారు విప్పకుండానే బార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అయితే అనలైజర్ పరిధి 1,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయి ఉంటే ఇది కనిపించదు, కనీసం 2,000కు పెంచుకోవాలి.

నాలుగో అడుగు: ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని రేషియో పరీక్ష

బ్రేకర్ బయటికి లాగి, ఎర్త్ చేసి, తాళం వేసి, పర్మిట్ చేతికి వచ్చాకే మోటారు దగ్గరికి వెళ్లాలి. నిలిచి ఉన్న స్లిప్ రింగ్ రోటార్ మీద కూడా స్టేటర్‌కు పూర్తి వోల్టేజీ వచ్చిన క్షణంలో 1,200 వోల్టులు పుడతాయని మరచిపోకండి. రింగుల భాగాన్ని తక్కువ వోల్టేజీగా చూసే అలవాటు ప్రాణాలు తీస్తుంది.

రోటార్ కేబుళ్లు విప్పండి, స్టేటర్ కేబుళ్లు కూడా విప్పి 415 వోల్టుల త్రీఫేజ్ సరఫరాను తగిన బ్రేకర్ ద్వారా స్టేటర్‌కు ఇవ్వండి. 6,600 వోల్టుల స్టేటర్, 1,200 వోల్టుల రోటార్ అయితే రింగుల మధ్య రావాల్సింది 415ను 1,200తో గుణించి 6,600తో భాగిస్తే వచ్చేది, అంటే 75 వోల్టులు. మూడు జతల మధ్యా దాదాపు ఒకే విలువ రావాలి, రోటార్‌ను కొంత తిప్పి మళ్లీ చూసినా మారకూడదు. రింగులు ఓపెన్‌గా ఉన్నా షాఫ్టు బలంగా తిరగబోతే రోటార్ లోపల ఎక్కడో మూసుకున్న దారి ఉందన్నమాట. అది టర్న్ షార్ట్ (వైండింగు చుట్లు ఒకదానికొకటి తగలడం) కావచ్చు, రివైండింగులో తప్పు కలిపిన సమాంతర దారి కావచ్చు.

ఈ పరీక్ష విలువ నాకు తెలిసివచ్చిన సందర్భం చెబుతాను. పైన లెక్కకు తీసుకున్నలాంటి 750 కిలోవాట్ల మోటారును ఒక ఫ్యాక్టరీ క్రషర్ కోసం పాతది కొన్నది. ఆర్నెల్లుగా బ్రష్షులు మాడిపోతున్నాయి. బ్రష్షుల గ్రేడు మూడుసార్లు మార్చారు, స్ప్రింగుల ఒత్తిడి సరిచేశారు, రింగులను నున్నగా చేయించారు. నేను వెళ్లేసరికి రింగులు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి. కవరు తీస్తే కాలిన కార్బన్ వాసన, హోల్డర్ల అంచున మెత్తని నల్లపొడి. "సార్, బ్రష్షులు మార్చి నెల కాలే, మళ్ల గిట్లనే అయినయి" అన్నాడు ఎలక్ట్రీషియన్. స్టార్టింగులో క్రషర్ కదలక లిక్విడ్ స్టార్టరు ట్యాంకులో సోడా పెంచుతూ పోయారట. ఆ మాట దగ్గర నాకు అనుమానం పుట్టింది. స్టార్టరుకు ముందున్న కంటే తక్కువ నిరోధం కావాల్సి వస్తోందంటే రోటార్ వోల్టేజీ ప్లేట్‌లో ఉన్నంత ఉండకపోవచ్చు. రేషియో పరీక్ష చేశాం. మూడు జతల మధ్యా 75 రావాల్సింది 43, 44 వోల్టులు వచ్చింది. 75ను 1.732తో భాగిస్తే వచ్చేది అదే.

రోటార్‌ను ఎప్పుడో ఎవరో స్టార్ (మూడు ఫేజ్‌ల చివర్లను ఒకచోట కలిపే పద్ధతి) నుంచి డెల్టాకు (మూడు ఫేజ్‌లను త్రికోణంలా వరుసగా కలిపే పద్ధతి) మార్చారు. వోల్టేజీ 693కు తగ్గి, రింగుల కరెంటు 390 నుంచి 675 ఆంపియర్లకు పెరిగింది. స్టార్టరులో కావాల్సిన నిరోధం మూడో వంతుకు పడిపోయింది. బ్రష్షుల మీద నింద వేయడానికి కారణమే లేదు, వాటి మీద మోయలేని బరువు పెట్టారు. మొదటి యజమానిని కనుక్కుని అడిగితే, తక్కువ వోల్టేజీకి తయారైన తన దగ్గరి గ్రిడ్ రెసిస్టర్‌కు (స్టార్టింగుకు వాడే లోహపు నిరోధం) సరిపోవాలని అలా చేయించుకున్నట్టు తేలింది. ఆయన పని ఆయనకు సరిగ్గానే జరిగింది. ఆ మార్పు ప్లేట్ మీదకు ఎక్కకపోవడమే తర్వాతి కష్టమంతటికీ మూలం.

స్లిప్ రింగ్ మోటారును వీఎఫ్‌డీతో (ఫ్రీక్వెన్సీ మార్చి వేగాన్ని నియంత్రించే డ్రైవ్) నడపడానికి రింగులను శాశ్వతంగా కలిపేసి బ్రష్షులు తీసేయడం కూడా ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. వీఎఫ్‌డీ మీద అది బాగానే నడుస్తుంది. అదే మోటారును తెలియక నేరుగా లైను మీద స్టార్ట్ చేస్తే, కరెంటు విపరీతంగా లాగి, నిరోధం తక్కువున్న రోటార్ కాబట్టి టార్కు మాత్రం చాలక, లోడు దగ్గర కదలకుండా నిలబడిపోతుంది. సెకండ్‌హ్యాండ్ మోటారు కొనేటప్పుడు రింగుల గది తెరిచి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఐదో అడుగు: ఎయిర్ గ్యాప్ (రోటార్‌కు, స్టేటర్‌కు మధ్య ఖాళీ)

రోటార్, స్టేటర్ రాసుకున్నాక గీతలు పోగొట్టడానికి రోటార్‌ను లేత్ మీద చెక్కడం పాత అలవాటు. 1.6 మిల్లీమీటర్ల గ్యాప్ 2 మిల్లీమీటర్లయితే మాగ్నటైజింగ్ కరెంటు (అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కరెంటు) దాదాపు అదే నిష్పత్తిలో, నాలుగో వంతు దాకా పెరుగుతుంది. నో-లోడ్ కరెంటు ఎక్కువగా, పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉండి స్లిప్ మాత్రం సరిగ్గా ఉంటే ఈ మార్పును తలచుకోండి. పొడవాటి ఫీలర్ గేజ్‌తో రెండు చివర్లలో, నాలుగేసి చోట్ల కొలవాలి. గేజ్ వార్నిష్ బుడిపె మీదో స్లాట్ వెడ్జ్ మీదో కాకుండా లామినేషన్ (కోర్‌లోని పలుచని ఉక్కు రేకు) పంటి మీదే ఆనాలి. రోటార్‌ను పావు చుట్టు చొప్పున తిప్పి మళ్లీ కొలిస్తే కోలగా ఉన్నది స్టేటరా, రోటారా అన్నది తేలుతుంది. ఏ విలువైనా సగటుకు పది శాతానికి మించి తేడా ఉండకూడదు.

టార్చిలైటు వాలుగా వేసి రోటార్ ఉపరితలం చూడండి. లామినేషన్ల సన్నని గీతలు విడివిడిగా కనిపించాలి. అద్దంలా నునుపుగా మెరుస్తుంటే చెక్కేటప్పుడు ఉక్కు పాకి లామినేషన్లు ఒకదానికొకటి అంటుకున్నాయని అర్థం. అక్కడ స్థానికంగా వేడి పుట్టి రోటార్ వంగుతుంది, వైబ్రేషన్ వేడితోపాటు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత బ్యాలెన్స్ చేసినా ప్రయోజనం ఉండదు.

ఆరో అడుగు: రోటార్ బయటికి తీశాక

కంటితోనే చాలా తెలుస్తుంది. బ్రేజింగు రంగు ఒకచోట వేరుగా ఉందా, ఎండ్ రింగులో కొత్త రంధ్రాలున్నాయా, ఫ్యాన్ రెక్కలు కోశారా, బ్యాలెన్స్ బరువులు ఒకే పక్క గుట్టగా ఉన్నాయా చూడండి. చిన్న సుత్తితో ఒక్కో బార్‌ను మెల్లగా తట్టితే గట్టిగా బిగిసిన బార్ ఒక స్వరంలో, వదులైనది మరో స్వరంలో పలుకుతుంది. దీనికి చుట్టూ నిశ్శబ్దం కావాలి, మిగతా మిల్లు నడుస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

డబుల్ కేజ్ రోటార్లలో పై బార్లు ఇత్తడి లేదా కంచు, లోపలివి రాగి. పైవి స్టార్టింగుకు, లోపలివి పరుగుకు. పై బార్లు విరిగినప్పుడు, రాగి మంచిది కదా అని రాగివే వేయించే రివైండర్లు ఉన్నారు. తర్వాత ఆ మోటారు పరుగులో ఏ లోపమూ చూపదు, స్పెక్ట్రమ్ శుభ్రంగా ఉంటుంది, కానీ నిండు క్రషర్‌ను కదిలించలేదు. గీకి రంగు చూడటం ఒక దారి, కండక్టివిటీ మీటరు పెట్టడం ఇంకా మంచి దారి. శుద్ధ రాగి 100 అయితే అల్యూమినియం 61, సాధారణ ఇత్తడి 28 చుట్టూ చూపుతాయి.

తేల్చుకున్నాక ఏం చేయాలి?

మార్పు కనబడగానే పాత స్థితికి తెచ్చేయాలన్న తొందర వద్దు. ప్రస్తుత లోడుకు, ప్రస్తుత స్టార్టరుకు అది సరిపోతుంటే వదిలేయడమే మంచిది. వీఎఫ్‌డీ మీద నడుస్తున్న మోటారుకు మళ్లీ బ్రష్షులు పెట్టాల్సిన పని లేదు. చెక్కిన రోటార్‌కు పోయిన ఉక్కును తిరిగి ఇవ్వలేం, పవర్ ఫ్యాక్టర్ కోసం కెపాసిటర్లు చూసుకోవాలి. పై బార్లు మార్చిన డబుల్ కేజ్ మాత్రం లోడుతో స్టార్ట్ కావాల్సిన చోట పనికిరాదు.

ఆ క్రషర్ మోటారు విషయంలో కేబుళ్లు, బ్రష్‌గేర్, స్టార్టరు అన్నీ 390 ఆంపియర్లకే ఉన్నాయి కాబట్టి తిరిగి స్టార్‌కు మార్చడమే సబబని తేల్చాం. ఒక్కో ఫేజ్ కాయిళ్ల మీద వోల్టేజీ స్టార్‌లోనైనా డెల్టాలోనైనా 693 వోల్టులే కనుక వైండింగు మార్చనక్కరలేదు, చివరి జాయింట్లు విప్పి మళ్లీ బ్రేజింగు చేస్తే చాలు. కొత్త వైండింగుకైతే 1,200కు రెట్టింపు చేసి 1,000 కలిపి 3,400 వోల్టులతో పరీక్షిస్తారు. ఇది పాత ఇన్సులేషన్ కాబట్టి అంత పెట్టలేదు, మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) విలువ చూసుకుని తగ్గించిన వోల్టేజీతో సరిపెట్టాం. మళ్లీ రేషియో తీస్తే రింగుల మధ్య 75 వోల్టులు వచ్చాయి. ట్యాంకులో సోడాను మొదటి పాళ్లకు తగ్గించాం. పాత నేమ్‌ప్లేట్ పక్కన చిన్న ఇత్తడి రేకు బిగించి, రోటార్ డెల్టా నుంచి స్టార్‌కు మార్చిన తేదీ, రేషియో విలువ, గ్యాప్ కొలతలు దాని మీద అక్షరాలు కొట్టించాం.